మాల తీసిన మర్నాడు ఆగిపోయిన నడక

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. నిజాంపేటలో ఉంటూ గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. అమెరికాలోని మా బృందంతో రోజూ జరిగే కాల్స్ రాత్రి పదిన్నరకు గాని ముగియవు. మొన్న చేయించుకున్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే అంకె) 6.1 వచ్చింది. డాక్టరుగారు ఇప్పుడే మందులు అక్కర్లేదని, రోజూ వ్యాయామం చేయాలని చెప్పారు. రెండేళ్లలో నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ మానేశాను. జిమ్‌కు ఏడాది రుసుము కట్టి పదకొండు రోజులు వెళ్లాను. ఐదింటికే లేచి కారులో కేబీఆర్ పార్కుకు వెళ్లడం మూడు వారాలు సాగింది. అయితే అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ నాలుగున్నరకే లేచి చన్నీళ్ల స్నానం చేశాను, పూజ అయ్యాక నడకకూ వెళ్లాను, ఒక్కరోజూ తప్పలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన మర్నాడు ఏడున్నరకు లేచాను, అప్పటి నుంచి మళ్లీ నడక లేదు. మాతోనే ఉండే నాన్నగారు ముప్పై ఏళ్లుగా ఉదయం ఐదింటికి నడకకు వెళ్తారు. నాది ఒట్టి బద్ధకమని ఆయన అభిప్రాయం. నా భార్య ఐదున్నరకే లేచి పిల్లలకు టిఫిన్ డబ్బాలు సర్దుతుంది కనుక ఇంట్లో వాతావరణం అనుకూలంగానే ఉంది. నాకు సంకల్పబలం లేదనుకోవాలా? ఐదింటికి లేచి వ్యాయామం చేసే అలవాటు నిలవాలంటే ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, నిజాంపేట

సమాధానం: చలికాలంలో 41 రోజులపాటు తెల్లవారుజామున చన్నీళ్లు పోసుకున్న మనిషి తనకు సంకల్పబలం లేదేమోనని అడుగుతుంటే నాకు నవ్వు వచ్చింది, మన్నించండి. ఆ అనుమానానికి సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది కనుక దానిని పక్కన పెట్టి, ఆ 41 రోజులూ సాగినది మాల తీసిన మర్నాడే ఎందుకు ఆగిపోయిందన్న ప్రశ్నను పట్టుకుందాం. మీ నాలుగు వైఫల్యాలకన్నా మీ ఒక్క విజయమే మనకు ఎక్కువ నేర్పుతుంది.

దీక్షలో ఉన్నప్పుడు, ఈ రోజు లేవాలా వద్దా అని మీరు ఏ ఉదయమూ ఆలోచించి ఉండరు. మెడలో మాల ఉంది, ఒంటిమీద నల్లబట్టలు ఉన్నాయి, ఎదురైన ప్రతివారూ స్వామీ అనే పిలుస్తున్నారు, ఇంట్లో వంట మారింది, పడక చాపమీదికి మారింది, పీఠం దగ్గర మీకోసం మరో నలుగురు స్వాములు ఎదురు చూస్తున్నారు. లేవవలసిన వేళను, లేచాక చేయవలసిన పనులను, వాటి క్రమాన్ని మీ కోసం ఎవరో ముందే నిర్ణయించి పెట్టారు. మీరు చేయవలసిందల్లా ఆ క్రమంలో నడవడమే. ఇరుముడి విప్పి మాల తీసిన రోజున ఆ గుర్తులన్నీ ఒకేసారి మాయమయ్యాయి. ఆ గుర్తులను ఆనుకుని నిలబడిన నడక కూడా వాటితోపాటే పోయింది. పైగా దీక్షకు ముగింపు తేదీ ఉంటుంది. ఎన్నాళ్లో తెలిసిన కష్టాన్ని మనిషి పళ్లబిగువున భరిస్తాడు. జీవితాంతం చేయవలసిన పనిని మాత్రం పళ్లబిగువున ఎవరూ చేయలేరు.

ఇది పుస్తకాలు చదివి చెబుతున్న మాట కాదు. నేను ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఒక్క ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేకుండా మైదానంలో పిల్లలతో పరుగెత్తాను, బద్ధకించే ఉపాధ్యాయులను చాటుగా వెక్కిరించాను కూడా. పదవీ విరమణ చేసిన మూడు నెలలకు, ఒక ఉదయం ఏడు ముప్పావుకు పక్కమీద కూర్చుని దినపత్రిక తిరగేస్తున్న నన్ను చూసి మా ఇంటావిడ, మీ ఈల ఎక్కడ పెట్టారని అడిగింది. అప్పటిదాకా నాకు క్రమశిక్షణ ఉందని నమ్మాను. ఉన్నది బడిగంట అని అప్పుడు అర్థమయింది. గంట ఆగిపోయాక నాకు మరో గంట దొరకడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. కాబట్టి మీ నాన్నగారు అన్న మాటను నేను అనను.

ఎన్ని రోజులు చేస్తే అలవాటవుతుందన్న విషయంలో మన దగ్గర రెండు లెక్కలు చలామణీలో ఉన్నాయి. ఒకటి మండలం, అంటే దీక్షలోని 41 రోజులు, రెండవది 21 రోజులు. ఈ రెండవ లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన ఒక పుస్తకం నుంచి పాకింది. శస్త్రచికిత్స చేయించుకున్నవారు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడడానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించారు. ఆ కనీసం అన్న మాట కాలక్రమంలో ఎక్కడో జారిపోయింది, ముఖానికి సంబంధించిన సంగతి వ్యాయామానికీ పొదుపుకూ అంటుకుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు పరిశీలించి 2009లో వెల్లడించిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా పట్టిన కాలం 66 రోజులు. కొందరికి 18 రోజులు చాలగా, మరికొందరికి లెక్కప్రకారం 254 రోజుల దాకా అవసరమని తేలింది. గ్లాసు నీళ్లు తాగడం వంటివి తొందరగా అలవడ్డాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. అదే అధ్యయనంలో మీకు ధైర్యమిచ్చే సంగతి మరొకటి ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ జరగలేదు. అందుచేత మండలం లెక్కను దీక్షకే వదిలేసి, ఇప్పుడు సంక్రాంతి వెళ్లింది కనుక ఉగాది దాకా ఉన్న వ్యవధిని మీ మొదటి గడువుగా పెట్టుకోండి.

ఇక మీరు చేస్తున్న అసలు పొరపాటు దగ్గరకు వద్దాం. మీరు ఒక్క అలవాటు కోసం ప్రయత్నిస్తున్నానని అనుకుంటున్నారు గాని, ప్రతిసారీ మూడింటిని ఒకేరోజున తలకెత్తుకుంటున్నారు: త్వరగా నిద్రపోవడం, ఐదింటికి లేవడం, వ్యాయామం చేయడం. వీటిలో మొదటిది మీ చేతిలో లేదు. పదిన్నరకు కాల్ ముగిసిన మనిషి పదిన్నరకే నిద్రపోడు. ఆ మాటలు బుర్రలో చల్లారాలి, మంచినీళ్లు తాగాలి, పిల్లల దుప్పటి సర్దాలి. పదకొండున్నరకు కన్ను మూతపడిందనుకుంటే ఐదింటికి ఐదున్నర గంటల నిద్రే అవుతుంది. పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని వైద్యులు చెబుతారు. అంటే ఐదింటికి లేచిన ప్రతిరోజూ మీరు గంటన్నర అప్పు చేస్తున్నారు. ఆ అప్పు మూడు వారాలకు ముప్పై గంటలు దాటుతుంది. కేబీఆర్ పార్కు నడక సరిగ్గా మూడు వారాలకే ఆగిపోవడం నాకు కాకతాళీయంగా కనిపించడం లేదు. దీక్షలో మీరు చేసిన అప్పు ఇంకా పెద్దది. మాల తీసిన మర్నాడు ఏడున్నరదాకా నిద్రపోవడాన్ని మీరు పతనంగా చెప్పుకొంటున్నారు, నేను మాత్రం ఒంటికి బాకీ తీర్చడంగా చూస్తున్నాను. నిద్ర చాలకపోతే ఒంట్లో చక్కెర అదుపు కూడా చెడుతుంది కనుక, చక్కెర తగ్గించుకోవడానికి నిద్ర తగ్గించుకోవడం మీ విషయంలో ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకోవడమే.

అందుచేత ఐదు అన్న అంకెను వదిలేయండి. ఉగాది వరకు మీరు లేవవలసిన వేళ ఆరున్నర.

ఈ మాట మీ నాన్నగారికి రుచించదని తెలుసు. ఆయనకు ఒక లెక్క చూపించండి. మన పెద్దలు చెప్పిన బ్రాహ్మీముహూర్తం గడియారంలో కట్టిపడేసిన వేళ కాదు. అది సూర్యోదయానికి గంటా 36 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాల ముందు ముగుస్తుంది. హైదరాబాదులో జనవరి మూడో వారంలో సూర్యుడు సుమారు 6.48కి ఉదయిస్తాడు కనుక ఈ రోజుల్లో బ్రాహ్మీముహూర్తం 5.12 నుంచి 6 గంటల దాకా ఉంటుంది. జూన్ మొదట్లో 5.41కే సూర్యోదయమవుతుంది కనుక అప్పుడది 4.05కే మొదలవుతుంది. ఏడాదిలో గంటకు పైగా జరిగే వేళను పాటించినవారు సూర్యుణ్ణి చూసి లేచారు. అలారం చూసి ఏడాది పొడుగునా ఐదింటికి లేవడం మన తరం పట్టుకున్న మూఢత్వం. ఆయన ముప్పై ఏళ్లుగా ఐదింటికి లేస్తున్నారంటే, ముప్పై ఏళ్లుగా రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో కూడా మర్యాదగా అడగండి.

సూర్యుడి ప్రస్తావన నమ్మకం కోసం తేలేదు. మన శరీరంలోని గడియారం ఇరవైనాలుగు గంటలకన్నా కాస్త నెమ్మదిగా నడుస్తుంది. ఉదయపు వెలుగు కంటిలో పడినప్పుడు అది ముందుకు జరుగుతుంది, రాత్రి పొద్దుపోయాక పడే వెలుగు దానిని వెనక్కి నెడుతుంది. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మీరు జనవరిలో ఐదింటికి లేచి చీకట్లో కారెక్కి, చీకట్లోనే నడిచి, రాత్రి పదిన్నర దాకా వెలిగే తెర ముందు కూర్చున్నారు. మీ శరీరానికి ఏది ఉదయమో, ఏది రాత్రో తలకిందులుగా చెప్పినట్టయింది. ఆరు నలభైకి వీధిలోకి వస్తే నడక మధ్యలో ఎండ పొడ తగులుతుంది, ఆ వెలుగే మెల్లగా మీ నిద్రవేళను ముందుకు లాగుతుంది. చలికాలపు తెల్లవారుజామున నగరంలో పొగా దుమ్మూ నేలమీదే పేరుకుని ఉంటాయి, సూర్యుడు కాస్త పైకి వచ్చాక గాని పైకి లేవవు. ఆ లెక్కన కూడా ఈ రోజుల్లో ఆలస్యమే మంచిది.

మార్చి మధ్యలో మీకు రెండు వైపుల నుంచి సాయం అందుతుంది. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం గడియారాలను గంట ముందుకు తిప్పుతారు. మీ కాల్ వేళను వారి గడియారాన్ని బట్టి నిర్ణయించి ఉంటే, అదే కాల్ మనకు గంట ముందుగా, అంటే తొమ్మిదిన్నరకు ముగుస్తుంది. అదే సమయానికి మన సూర్యోదయం ఆరున్నర లోపలికి వచ్చేస్తుంది, నెల తిరిగేసరికి ఎండ ముదిరి ఎనిమిదింటి నడక కష్టమవుతుంది. ప్రభుత్వం కూడా బడులను ఒంటిపూటకు మార్చేది ఆ రోజుల్లోనే. మార్చి మధ్య నుంచి పిల్లలు ఎనిమిదింటికే బడిలో ఉండాలి, మధ్యాహ్నానికి ఇంటికి రావాలి. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ మార్పుకు ఏ పిల్లవాడూ చదువు మానేయడం నేను చూడలేదు. మీరు కూడా ఉగాది నుంచి అలారాన్ని వారానికి పావుగంట చొప్పున ముందుకు జరపండి. మే నెలకు ఐదున్నర దగ్గర నిలుస్తారు. మీరు కోరుకున్న ఐదు ఇక కూతవేటు దూరమే. నవంబరు మొదటి ఆదివారం వారు గడియారాలను వెనక్కి తిప్పినప్పుడు, మీరూ సిగ్గుపడకుండా మళ్లీ ఆరున్నరకు రండి. వేళ మారినా లేచిన తర్వాత చేసే పనుల వరస మారకపోతే అలవాటు చెడదు.

ఆ వరస గురించే ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే మాల స్థానంలో మీకు కావలసింది అదే. 2002లో బ్రిటన్‌లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో విద్యార్థులను మూడు బృందాలు చేశారు. వ్యాయామం వల్ల కలిగే మేలు గురించి చదివి ఉత్తేజం పొందినవారిలోనూ, ఏమీ చదవనివారిలోనూ పదిమందిలో నలుగురికన్నా తక్కువమందే ఆ వారం వ్యాయామం చేశారు. అదే సమాచారం చదివి, దానితోపాటు ఏ రోజున, ఏ వేళకు, ఏ చోట చేస్తారో కాగితంమీద రాసి ఇచ్చినవారిలో 91 శాతం మంది చేశారు. ఉపన్యాసాలివ్వడమే వృత్తిగా బతికిన నాకు ఈ ఫలితం కొంచెం చేదుగా అనిపించింది గాని, మైదానంలో చూసినదానికి అది సరిపోయింది. మీ ఉత్తరంలో వేళ ఉంది, సంకల్పం ఉంది, చోటు మాత్రం ఒకసారి జిమ్, ఒకసారి కేబీఆర్ పార్కు, ఒకసారి పీఠం దారి.

కేబీఆర్ పార్కు మంచిది కాదని ఎవరంటారు? నగరం నడిబొడ్డున దాదాపు నాలుగు వందల ఎకరాల అడవి, 1998లో జాతీయ ఉద్యానవనమైంది, నడుస్తుంటే నెమళ్లు అడ్డం వస్తాయి. కానీ నిజాంపేట నుంచి రోడ్లు ఎంత ఖాళీగా ఉన్నా అరగంట ప్రయాణం. పోను అరగంట, రాను అరగంట, మధ్యలో కారు నిలిపే చోటు కోసం వెతుకులాట కలిపితే ముప్పై నిమిషాల నడకకు గంటన్నర ఖర్చు. అలా నడిచేవారు లేరని కాదు, ఉన్నారు, వారిలో చాలామంది ఇల్లు జూబ్లీహిల్స్‌లోనే ఉంది. దానిని ఆదివారానికి ఉంచుకోండి, పిల్లలనూ తీసుకువెళ్లండి. మిగతా రోజుల్లో మీ నడకదారి మీ ఇంటి గేటు దగ్గరే మొదలవ్వాలి. మీ కాలనీ వీధుల్లో గేటు నుంచి బయలుదేరి పాల బూత్ మీదుగానో, గుడి మీదుగానో తిరిగి గేటుకు చేరే ఒక చుట్టును ఎంచుకుని, దానిని ఆరు నెలలపాటు మార్చకండి. రోజుకో కొత్త దారి సరదాగా ఉంటుంది గాని, ఎటు వెళ్లాలో ఆలోచించే ఆ అర నిమిషంలోనే వెనక్కి తిరిగే మనసూ పుడుతుంది.

వరస ఇలా ఉండవచ్చు. రాత్రి కాల్ ముగియగానే ఫోనును పడకగదిలోకి తీసుకువెళ్లకుండా హాలులో, వీధి తలుపు పక్కన ఛార్జింగులో పెట్టండి. అలారం అక్కడే మోగాలి. దాని పక్కనే నడక బూట్లు, వాటిలో మేజోళ్లు, కుర్చీమీద మర్నాటి బట్టలు ఉండాలి. మాల విషయంలో గురుస్వామి చేసిన పనిని ఇప్పుడు రాత్రివేళ మీరు మీకే చేసిపెడుతున్నారన్నమాట. ఉదయం అలారం ఆపడానికి హాలులోకి వచ్చిన మనిషి ముందు బూట్లు ఉంటాయి. ముఖం కడుక్కుని, ఒక గ్లాసు నీళ్లు తాగి, బూట్లు వేసుకుని గేటు దాటాలి. కాఫీ తిరిగి వచ్చాకే. మెసేజీలు చూడడం కూడా తిరిగి వచ్చాకే, ఎందుకంటే రాత్రంతా అమెరికా నుంచి చేరిన మెసేజీల్లో మీ నడకను మింగేయగలది ఒక్కటైనా తప్పకుండా ఉంటుంది.

మొదటి రెండు వారాలు పదిహేను నిమిషాలు మించి నడవవద్దు. ఇంకా నడవాలనిపించినా ఇంటికి రండి. మీవంటివారు మొదటి వారంలో ఉత్సాహంతో ఐదు కిలోమీటర్లు నడిచి, రెండవ వారంలో మడమ నొప్పితో ఆగిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఆరంభశూరత్వానికి నిజమైన చికిత్స ఆరంభాన్ని చిన్నది చేయడమే. మూడవ వారం నుంచి ఐదేసి నిమిషాలు పెంచుతూ ముప్పై నిమిషాలకు చేరండి. వేగం ఎంతన్న విషయానికి యంత్రాలు అక్కర్లేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, అదే సరైన వేగం. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు పదివేల అడుగులన్న లెక్కకు మాత్రం అంత బలమైన పునాది లేదు. అది 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క యంత్రానికి పెట్టిన పేరు నుంచి పుట్టింది. చేతి గడియారంలో 8,200 చూసి బాధపడుతూ రాత్రి హాలులో పచార్లు చేసేవారిని చూస్తే జాలి వేస్తుంది.

కండరాల సంగతికి వస్తే, దానికి జిమ్ రుసుము ఇంకోసారి కట్టనక్కర్లేదు. పాతబస్తీ తాలీమ్‌లలో, అంటే కుస్తీ శాలల్లో, పహిల్వాన్లు తరాలుగా చేసిన బస్కీలు, దండీలు మీ హాలులోనూ చేయవచ్చు. బడిలో మేము శిక్షగా తీయించిన గుంజీలు కూడా నిజానికి మంచి వ్యాయామమే, శిక్షగా వాడి దానికి చెడ్డపేరు తెచ్చిన పాపం మాదే. కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం పదిసార్లు, గోడకు చేతులు ఆనించి దండీలు పదిసార్లు, ఇలా రెండు విడతలతో మొదలుపెడితే చాలు. తొడల్లోనూ పిరుదుల్లోనూ ఉన్న పెద్ద కండరాలు పనిచేసినప్పుడు రక్తంలోని చక్కెరను పీల్చుకుంటాయి కనుక మీకు ఇది నడకంత ముఖ్యం.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే మధుమేహానికి ముందు దశ అంటారు. మీరు ఆ దశలో ఉన్నారు. ఇది భయపడవలసిన అంకె కాదు, ఊరుకోవలసిన అంకె కూడా కాదు. చెన్నై కేంద్రంగా జరిగి 2006లో ఫలితాలు వెలువడిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, ఈ ముందు దశలో ఉన్నవారు ఆహారంలోనూ వ్యాయామంలోనూ మార్పులు చేసుకున్నప్పుడు మధుమేహం వచ్చే అవకాశం 28 శాతానికి పైగా తగ్గింది. మందు వాడినవారిలోనూ దాదాపు అంతే తగ్గింది. మన ఒళ్లు, మన తిండి ఉన్నవారిమీద చేసిన అధ్యయనం కాబట్టి నేను దీనికి ఎక్కువ విలువ ఇస్తాను. నడక ముగించి టిఫిన్ సెంటరు దగ్గర మైసూరు బజ్జీ తినేవారి బృందం ప్రతి పార్కు బయటా ఉంటుంది. స్నేహం చేయండి గాని ప్లేటు పంచుకోకండి. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చేతిలోనో దవడలోనో నొప్పి, మామూలుకు మించిన ఆయాసం కనిపిస్తే వెంటనే ఆగి డాక్టరును కలవాలి. రేపు ఎప్పుడైనా మీకు చక్కెర మందులు రాస్తే, పరగడుపున నడవవచ్చో లేదో ఆయననే అడగండి. కాలనీ కుక్కల బెడద ఉంటే చేతిలో కర్ర ఉంచుకోండి, అవి వెంటపడినా పరుగెత్తకండి. ఒకవేళ పన్ను గాటు పడితే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు టీకా వేయించుకోండి.

తప్పిపోయే రోజులు తప్పకుండా వస్తాయి. ఏదో ఒక సాఫ్ట్‌వేర్ విడుదల రాత్రి కాల్ ఒంటిగంటదాకా సాగుతుంది, ఆగస్టులో వారంపాటు ముసురు పడుతుంది, బంధువుల పెళ్లికి ఊరు వెళ్తారు. ఇటువంటి రోజుల కోసం రెండవ దారి ముందే ఉండాలి. గూగుల్ ఉద్యోగులు రెండు వేల మందికి పైగా పాల్గొన్న ఒక ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. ఒకే నిర్ణీత వేళకు జిమ్‌కు వెళ్తేనే ప్రోత్సాహకం పొందినవారు, ఆ వేళ తప్పితే ఎక్కువగా ఆ రోజుకు మానేశారు. ఏ వేళకు వెళ్లినా ప్రోత్సాహకం పొందినవారు, డబ్బు ఇవ్వడం ఆపేసిన తర్వాత కూడా ఎక్కువగా కొనసాగారు. వేళ ఉండాలి, వేళ తప్పినప్పుడు మరో వేళ కూడా ఉండాలి అని నేను దీనిని అర్థం చేసుకున్నాను. మీకు ఆ రెండవ వేళ రాత్రి భోజనం తర్వాత, కాల్ మొదలయ్యే ముందు ఉంది. ఉదయం తప్పిన రోజున ఎనిమిదిన్నరకు భోంచేసి పదిహేను నిమిషాలు నింపాదిగా అదే చుట్టు తిరగండి. తిన్న తర్వాత నడిస్తే భోజనంతో పెరిగే చక్కెర తగ్గుతుంది, ఆ విధంగా మీకు అది ఉదయపు నడకకన్నా తీసిపోదు. నిజం చెప్పాలంటే ఉదయపు వ్యాయామంలో ఇతర వేళల్లో లేని మహిమ ఏదీ లేదు. ఆ గంటను మీ దగ్గర నుంచి ఎవరూ అడగరు, దాని విలువ అదే. వానలో అపార్టుమెంటు మెట్లు ఉన్నాయి, లిఫ్టు ఎక్కేవారు వింతగా చూస్తే రెండు రోజుల్లో అలవాటు పడతారు.

నాన్నగారిని ఈ పథకంలో చేర్చుకోండి. చలికాలం నాలుగు నెలలూ డెబ్బై దాటినవారు చీకట్లో, చలిలో ఒంటరిగా నడవడం నాకు అంత ఇష్టం లేదు. ఆయనను ఆరింటికి బయలుదేరమని, చివరి చుట్టులో మీతో కలవమని అడగండి. గేటు దగ్గర 6.40కి తండ్రి ఎదురు చూస్తున్నాడని తెలిసిన కొడుకు పక్కమీద ఎక్కువసేపు ఉండలేడు, మీకు పీఠం దగ్గర స్వాములు చేసిన మేలు ఇది. నడుస్తూ ఆయనతో మాట్లాడుతుంటే వేగం సరిగ్గా ఉందో లేదో కూడా తెలుస్తుంది. ఆయన బద్ధకం గురించి ఉపన్యాసం మొదలుపెడితే వేగం పెంచండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం చివర్లో ఉంది. మీ భార్య ఐదున్నరకే లేచి డబ్బాలు సర్దుతుంది కనుక వాతావరణం అనుకూలమని రాశారు. ఆమెకు నడిచే వేళ ఏదో మాత్రం రాయలేదు. ఆమె వయసు, ఆమె రక్తపరీక్ష ఫలితం కూడా ఉత్తరంలో లేవు. ఉదయం తన గంటను వంటింటికి ఇచ్చిన మనిషి ఉంటే తప్ప మీ గంట మీకు మిగలని ఇంట్లో, మీ అలవాటు ఆమె ఓపిక మీద నిలబడుతుంది. ఆమెకు ఒంట్లో బాగాలేని వారం అది కూలుతుంది. అందుచేత సోమ, బుధ, శుక్రవారాలు మీరు గేటు దాటండి. మంగళ, గురు, శనివారాలు ఆమె గేటు దాటుతుంది. ఆ రోజుల్లో కూడా మీ అలారం అదే వేళకు మోగుతుంది, మీ బస్కీలూ దండీలూ ఆ రోజులకు సరిపోతాయి, డబ్బాలు సర్దే బాధ్యత మీది. మీ మంగళవారపు ఉప్మా గురించి పిల్లలు మొదట ఫిర్యాదు చేస్తారు. ముందురోజు రాత్రి కూరగాయలు తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే పావుగంటలో పని అయిపోతుంది, ఉప్పు మాత్రం ఆమెను అడిగి వేయండి.